వల కన్నులు

నిలవని మాటని నీటి మీద రాత అంటారు.
నా కొలువే అది.
ఫారో దీవుల్లో, గాలి తలుపు తెరవనీయని ఊళ్ళో,
పదింటికి గానీ తెల్లారని చలికాలంలో,
రెండు దీవుల మధ్య ఇరుకు నీళ్ళు
ఎటు పారతాయో, ఎంత ఉరవడితో పారతాయో
గంటగంటకీ రాసిపెట్టాలి.
నీటి అడుగున మర దింపుతారట, కరెంటు కోసం.
ఎక్కడ దింపాలని అడిగారు.

సముద్రం మొత్తాన్నీ ఎవరు పట్టగలరు?
త్రికోణాలుగా కోశాను,
మూడు లక్షల పన్నెండు వేల ముక్కలు.
నడిసంద్రంలో పెద్దవి, బండల దగ్గర చిన్నవి.
హానుస్ తాత తెర మీదకి వంగి చూసి
"వలే కదా ఇది" అన్నాడు.
"కన్ను బాగానే వేశావు.
చేప తెలివైన చోట ఇంకా సన్నం చెయ్యాలి."

సాఫ్ట్‌వేర్ నాది కాదు.
డబ్బడగదు, విప్పి చూడొద్దని అనదు.
ఎవరో ప్రతి ముడి మీదా ఒక ప్రమేయాన్ని
గుడారంలా నిలబెట్టి వెళ్ళారు.
మరెవరో కొండంత మాత్రికని పలకలు పలకలుగా చీల్చారు.
ఇంకెవరో, పాపం,
తప్పు జరిగితే కనబడే వాక్యాలు
కాస్త మర్యాదగా ఉండేలా దిద్దారు.
పాక్షిక అవకలన సమీకరణం ఒక్కటి నేను రాస్తే చాలు,
చేతులన్నీ వాళ్ళవి.

మంగళవారం రాత్రి రెండింటికి సముద్రం పేలింది.
తెర మీది సముద్రం. కిటికీ బయటిది మామూలుగానే ఉంది.
ఓ మూల ముక్కలో నీటిమట్టం
మొదట మోకాలెత్తు, తర్వాత కొండెత్తు,
తర్వాత సంఖ్యే కానిది.
ఆ ఒక్క ముక్క నుంచి రోగం పక్కింటికి పాకి
చూస్తుండగానే సంద్రమంతా
సంఖ్య కాదు, సంఖ్య కాదు, సంఖ్య కాదు.

కాలపు అడుగుని సగం చేశాను. పేలింది.
వల సన్నం చేశాను. ఇంకా ముందే పేలింది.
చివరికి లోపలి పుటలు విప్పాను.
విప్పుకోవచ్చనే కదా తెరిచి ఉంచారు!

ఒడ్డు దగ్గర నీళ్ళేం చెయ్యాలో చెప్పే చోట
ఒక మైనస్ గుర్తు.
దాని నెత్తిన పద్నాలుగేళ్ళ కిందటి వ్యాఖ్య,
ఫిన్‌లాండ్‌లో ఊలు నగరం నుంచి, పెర్తి రువోకోనెన్:
"ఈ మైనస్ సరైనదే, ముట్టుకోకండి.
మూడు రోజులు నేనూ నమ్మలేదు.
కానీ ఒడ్డు ఎండి మళ్ళీ తడిసే చోట
ఏమవుతుందో నాకు తెలీదు.
మా ఊరి సముద్రానికి ఆటుపోట్లు లేవు."

ఆ మూల ఏముందని తాతని అడిగాను.
"అప్పులవాడు" అన్నాడు, చెప్పు లేసు కట్టుకుంటూ.
"బండ. ఆటుకి గంటసేపు ముఖం చూపించి
మళ్ళీ మాయమవుతాడు.
పడవలవాళ్ళందరికీ తెలుసు.
నీ పటంలో లేడా?"

పదకొండు పంక్తులు రాశాను.
ఎండిన ముక్క నుంచి నీళ్ళు అప్పు తీసుకోకూడదు,
అంతే దాని సారం.
పంపితే మోంతేవిదేయో నుంచి నేలిదా బెంతాంకోర్ జవాబు:
"ఆలోచన బాగుంది. పరీక్ష ఏది?"
తొంభై త్రికోణాల తొట్టి కట్టాను, మధ్యలో ఒక బండ.
పరీక్షకి పేరు పెట్టాలన్నారు.
మా భాషలోనే పెట్టాను, అప్పులవాడని.
ఎవరూ అర్థం అడగలేదు.
తొమ్మిది రోజులకి పెర్తి మాత్రం రాశాడు:
"మీ సముద్రం నిజంగా ఎండుతుందా? చూడాలనుంది."

మరని చివరికి
ఆ వల దాటి రెండు కిలోమీటర్ల అవతల దింపారు.
అక్కడైతే రోడ్డు ఉందట.

తాత నవ్వలేదు. నేనే కాసేపు నవ్వాను.

కొత్త మార్పు ఎవరు ఎక్కడ పంపినా
ముందు పరీక్షలన్నీ నడవాలి, అది కట్టుబాటు.
సముద్రమే లేని ఏ ఊళ్ళోనో
ఎవరిదో కంప్యూటర్ వేడెక్కుతుంది.
అప్పులవాడు తేలతాడు, ముఖం చూపిస్తాడు,
మునుగుతాడు.
ఒక పచ్చ గుర్తు.
తర్వాతి పరీక్ష.